రెండో మగ్గం నడుం

నేను వంగితే లోవరాజు నడుం మీద మోగుతోంది.

పెద్ద మోత కాదు. అగ్గిపెట్టెలో పెట్టిన తుమ్మెద చేసేంత చప్పుడు. తెగిన పోగు అందుకోవడానికి నేను ముందుకి వంగుతాను. జుయ్‌మంటుంది. పక్కనున్న లోవరాజు ఉలిక్కిపడి నిటారుగా అవుతాడు. నేను వంగే ఉంటాను. ఇద్దరం ఏమీ అనుకోకుండా పని చేసుకుంటాం.

లోవరాజు నా భార్య నూకరత్నానికి అన్నయ్య. నాకు బావ. మా సముద్రపు ఊళ్ళో జాందానీ చీర ఒక్కరి వల్ల కాదు. ఒకే మగ్గం, కాళ్ళు దింపుకోవడానికి ఒకే గుంట, ఒకే బల్ల. ఆ బల్ల మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని చెరో సగం నేస్తారు. ఎడమ సగం నాది, కుడి సగం అతనిది. పంతొమ్మిదేళ్ళుగా నేను పడుగులోంచి విసిరిన నూలు నాడె అతను పట్టుకుంటున్నాడు, అతను విసిరింది నేను పట్టుకుంటున్నాను. అతనికి తుమ్ము వస్తుందంటే నా మోచేతికి ముందే తెలుస్తుంది.

మూడేళ్ళుగా నాకు నడుం నొప్పి. వెన్ను కింది భాగంలో ఎవరో మేకు దిగ్గొట్టి, దానికి తన చొక్కా తగిలించి, మళ్ళీ తీసుకోవడానికి రాకుండా పోయినట్టుంటుంది.

నూలిచ్చి మాచేత నేయించే షావుకారు మూడో శుక్రవారం వస్తానని కబురు చేశాడు. ఇప్పుడు మగ్గం మీదున్నది చిలకల చీర. ఎడమ చిలకా కుడి చిలకా మధ్యలో కలిసి, ఒకదాని కళ్ళలోకి ఒకటి చూసుకోవాలి. పోయినసారి చూసినప్పుడు ఎడమ చిలకలు కొంచెం గూనిగా ఉన్నాయన్నాడు. ఈసారీ అలాగే ఉంటే ఎడమ మనిషిని గుంటలోంచి లేపేస్తానన్నాడు. మా వీధిలో గుంటలోంచి లేచిపోయినవాణ్ణి మళ్ళీ ఎవరూ ఏ మగ్గం మీదా కూర్చోబెట్టరు. కాబట్టి ఆ శుక్రవారంలోపు నా నడుం నిలబడాలి.

అందుకే కాకినాడలో ఫిజియో డాక్టరమ్మ హేమలత దగ్గరికి వెళ్తున్నాను.

ఆవిడ గదిలో ఒక గోడంతా అద్దం. నన్ను స్టూలు మీద పక్కకి తిప్పి కూర్చోబెట్టి వంగమంటుంది. నేను వంగుతాను. అద్దంలో ఉన్న నేను మాత్రం ముందు ఆవిడ వైపు చూసి, ఆవిడ తలూపాక వంగుతాను. వంగాల్సింది నడుం దగ్గర కాదంటుంది డాక్టరమ్మ, తుంటి దగ్గర. తలుపు బందు దగ్గర తిరగాలి కానీ చెక్క మధ్యలో విరక్కూడదు కదా, అలా. పొట్ట లోపలికి బిగించి, వీపు బల్లపరుపుగా ఉంచి, తుంటి దగ్గర మడవాలి. మోకాళ్ళ మీదా అరచేతుల మీదా నిలబెట్టి, వీపు మీద నీళ్ళగ్లాసు పెట్టి, తొణక్కుండా ఒక చెయ్యి చాపమంటుంది. నేను చాపుతాను.

"ముందు అద్దం చెప్తుంది. తర్వాత పట్టీ చెప్తుంది. ఆఖర్న ఎవరూ చెప్పక్కర్లేదు, మీ నడుమే మీకు చెప్తుంది," అంటుంది.

పట్టీలు రెండు, ఒకే డబ్బాలో వస్తాయి. ఒకటి నడుం తప్పుగా వంగితే వినేది, ఒకటి అది విని మోగేది. వినేది నడుం మీద అంటించుకోవాలి. మోగేది ఎక్కడ పెట్టుకున్నా పనిచేస్తుంది. నా వీపు నాకు కనపడదు కాబట్టి రోజూ పొద్దున్నే నూకరత్నం అంటిస్తుంది. ఆమె వేళ్ళు చల్లగా ఉంటాయి. రెండుసార్లు నొక్కుతుంది. రెండు పట్టీలూ అంటుకున్నాయనుకుని నేను చొక్కా వేసుకుంటాను.

మొదటి వారం గడిచేసరికి లోవరాజు జానెడు పొడుగయ్యాడు. ఏంటి బావా, ఎండ బాగా తగులుతోందా అని నేను హాస్యమాడాను. అతను నవ్వలేదు. పోగులు లెక్క తప్పుతున్నాయి, మాట్లాడించకు అన్నాడు.

రెండో వారం మేం కూర్చునే బల్ల సాగుతోంది. రోజుకి ఒక మూర. నేను పొద్దున విసిరిన నాడె అతనికి మధ్యాహ్నం చేరుతోంది, అతను తిరిగి విసిరింది నాకు సాయంత్రం అందుతోంది. ఆ మధ్యలో నేను చిలకల ముక్కులు నేస్తూ కూర్చుంటున్నాను. అతని మోచెయ్యి నాకు తగలడం మానేసింది. తుమ్మినా తెలియడం లేదు.

మూడో వారం నా వైపు గుంట లోతవుతోంది. కాళ్ళ కింద చెక్కలు అలాగే ఉన్నాయి, నేలే పైకి వస్తోంది. సోమవారం నేల నా మోకాళ్ళ దాకా ఉంటే మంగళవారం పొట్ట దాకా ఉంది. బుధవారం నేను గడ్డం నేల మీద ఆనించి నేస్తున్నాను. బట్ట మీద లోవరాజు చిలకలు మెడలెత్తి ధీమాగా నిలబడ్డాయి. నా చిలకలు వాటి కాళ్ళ కేసి చూస్తున్నాయి.

పట్టీ చెడిపోయిందేమో చూపించుకుందామని గుంటలోంచి పాక్కుంటూ బయటికొచ్చి బస్సెక్కుతాను.

క్లినిక్కులో కౌంటరు దగ్గరమ్మాయి నా మొహం కాకుండా నా వీపు చూసి, రెండో మగ్గం పొద్దున్నే వచ్చి వెళ్ళిపోయింది కదా అంటుంది.

అప్పుడు గుర్తొస్తుంది. మొదటిరోజు ఆ అమ్మాయి పేషెంటు పేరేంటని అడిగితే నేను రెండో మగ్గం అని చెప్పాను. అబద్ధం కాదు. షావుకారు దగ్గర మా పేర్లు ఎవరికీ తెలియవు. నూలు రెండో మగ్గానికి వస్తుంది, చీర రెండో మగ్గం నుంచి వెళ్తుంది, చివాట్లు కూడా రెండో మగ్గానికే పడతాయి. పంతొమ్మిదేళ్ళుగా ఎవరు పిలిచినా ఆ పేరుకే పలికాను. దానికి ఇద్దరు మనుషులుంటారని కాకినాడలో చెప్పాలని తోచలేదు.

డాక్టరమ్మ ఫైలు తెరిచి ఎక్స్‌రే వెలుతురుకి పెడుతుంది. ఒకే వెన్నెముక. దానికి రెండు జతల చేతులు.

"మగ్గానికి ఒక నడుమే బాగుచెయ్యగలమండీ. ఏ నడుమన్నది ఇంట్లోవాళ్ళు రాసివ్వాలి," అంటుంది.

రాసిచ్చారా అని అడుగుతాను. ఆవిడ పేజీ తిప్పుతుంది. అడుగున పసుపు అంటిన వేలిముద్ర. రెండుసార్లు నొక్కి ఉంది. ముట్టుకుంటే చల్లగా తగులుతుంది.

నేను తలెత్తేసరికి అద్దంలో లోవరాజు కనిపిస్తాడు. అతను పొద్దున్నే వెళ్ళిపోయాడు. అద్దంలో మాత్రం ఇంకా మోకాళ్ళ మీద నిలబడి, ఒక అరచెయ్యి నేలకి ఆనించి, ఒకటి చాపి ఉన్నాడు. వీపు మీద గ్లాసు తొణకడం లేదు. నాకంటే బాగా చేస్తున్నాడు. నన్ను చూశాడు. చూసి, రెండో చెయ్యి చాపాడు.

ఇంటికొచ్చేసరికి నూకరత్నం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఆ ఈనెలు గుమ్మం దాటి, వీధి దాటి, సముద్రం దాకా వెళ్తున్నాయి. నేను వాటిని తొక్కకుండా పక్కన కూర్చుని, మోగే పట్టీ ఎవరికి అంటిస్తున్నావని అడుగుతాను.

ఆమె దాచదు. తన అన్నయ్యకి నాకంటే రెండేళ్ళ ముందు నుంచే నొప్పి ఉందట. నాకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడట. నొప్పి ఉన్నవాడి పక్కన ఎవడు కూర్చుంటాడని భయమట.

నాకు నొప్పి వచ్చాక కూడా చెప్పలేదేం అంటాను.

"అప్పుడు చెప్తే ఏం లాభమండి. ఇద్దరికీ ఉందంటే మగ్గమే పోద్ది. ఎవరో ఒకరు వంగాలి, ఎవరో ఒకరు బాగుపడాలి. మీరెలాగూ వంగుతారు కదా."

ఆ మాట ఆమె మెత్తగానే అంటుంది. అన్నం చల్లారిపోతోంది రండి అన్నంత మామూలుగా. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆమె నా గురించి ఇంత సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. నేను లేచి వెళ్ళి గుంటలో కూర్చుంటాను. ఆ సాయంత్రమంతా లోవరాజు నడుం మీద జుయ్‌మంటూనే ఉంది. ఉలిక్కిపడి ఉలిక్కిపడి అతను అందంగా తయారవుతున్నాడు.

గురువారం నేను నెయ్యను. బల్ల మీద కూర్చుని డాక్టరమ్మ చెప్పింది చేస్తాను. పొట్ట బిగిస్తాను. బందు దగ్గర మడుస్తాను. తప్పు చేస్తే నాకేదీ మోగదు, కాబట్టి దూరంగా అతని నడుం చప్పుడు వింటూ దిద్దుకుంటాను. పొద్దున పది సార్లు మోగుతుంది. మధ్యాహ్నం మూడు సార్లు. సాయంత్రం ఒక్కసారి కూడా లేదు. ఎవరూ చెప్పకుండానే నా నడుం నాకు చెప్తోంది. అది మొదట చెప్పిన సంగతి, అతను వంగుతున్నాడని.

శుక్రవారం పొద్దున్నే షావుకారు వస్తాడు. తెల్ల చొక్కా, చేతిలో భూతద్దం. నూకరత్నం కుర్చీ వేస్తుంది. ఆయన కూర్చోడు. మగ్గం మీదికి వంగి మధ్య నుంచి మొదలుపెట్టి చిలకల్ని చూస్తాడు. భూతద్దం ముందు కుడివైపు వెళ్తుంది.

నేను తుంటి దగ్గర మడిచి నాడె అందుకుంటాను. వీపు బల్లపరుపుగా ఉంది. ఏదీ మోగదు. నేల నా గడ్డం నుంచి భుజాలకి, భుజాల నుంచి పొట్టకి దిగుతుంది. నా చిలకలు ఒక్కొక్కటీ మెడలెత్తుతాయి. బల్ల కుదించుకుపోతుంది. పంతొమ్మిదేళ్ళ కిందటి దూరానికి వచ్చి ఆగుతుంది. లోవరాజు మోచెయ్యి నా మోచేతికి తగులుతుంది.

అతను నిటారుగా ఉండటం నేర్చుకోలేదు. ఉలిక్కిపడటం నేర్చుకున్నాడు. మోత లేకపోతే తన నడుం ఎక్కడుందో అతనికి తెలియదు. మెడ దగ్గర ఒక వంపు, గుండె దగ్గర ఒక వంపు. అతని చిలకలు ముక్కులు దించుకుంటున్నాయి. భూతద్దం వాటి మీదే ఉంది.

"బావా," అంటాడు, పెదాలు కదపకుండా. "ఒక్కసారి వంగు."

నేను అతని వైపు చూస్తాను.

"ఒక్కసారే బావా. ఆయన ఎల్లిపోయేదాకా. నువ్వు వంగితే చాలు, నేను చూసుకుంటాను."

అతని కళ్ళు నూకరత్నం కళ్ళే. ఆ సంగతి ఇంతకాలం గమనించలేదు. వాకిట్లో నిలబడి ఆమె కూడా నన్నే చూస్తోంది, నేను వంగుతానన్న నమ్మకంతో. నా నడుం అలవాటు కొద్దీ ఒక్క క్షణం మెత్తబడుతుంది. చిన్నగా జుయ్‌మంటుంది. లోవరాజు మొహంలోకి రక్తం వస్తుంది.

నేను పొట్ట బిగిస్తాను. చప్పుడు ఆగిపోతుంది.

లోవరాజు మడతపడతాడు. ముందు నడుం దగ్గర సగానికి, తర్వాత మోకాళ్ళ దగ్గర పావుకి, ఆ తర్వాత అంచుకి అంచు కలుపుకుంటూ చక్కగా, ముడతలు లేకుండా. నొప్పిగా ఉన్నట్టు లేదు. బల్ల మీద కొత్త చీరంత మనిషి మిగులుతాడు. షావుకారు భూతద్దం జేబులో పెట్టుకుంటాడు. మడత బాగా కుదిరిందంటాడు. ఎడమ మనిషి ఉండొచ్చంటాడు.

నూకరత్నం ఏడవదు. లోపలికి వెళ్ళి చీరలు పెట్టే కవరు తెస్తుంది. అన్నయ్య నడుం మీదున్న మోగే పట్టీ ఊడదీస్తుంది. నా చొక్కా ఎత్తి వినే పట్టీ ఊడదీసి, దాన్ని అతని మడతల మధ్య, చీరలో కర్పూరం బిళ్ళ పెట్టినంత జాగ్రత్తగా పెడుతుంది. మోగేదాన్ని నా వీపు మీద అంటించి రెండుసార్లు నొక్కుతుంది.

"అన్నయ్యెక్కడున్నాడో తెలియాలి కదండీ," అంటుంది.

అతన్ని కవర్లో పెట్టి ఇస్తే, షావుకారు చంకలో పెట్టుకుని వెళ్ళిపోతాడు. నూకరత్నం కొంగు దోపుకుని గుంటలోకి దిగి, కుడివైపు, తన అన్నయ్య చోట్లో కూర్చుంటుంది. నాడె చేతిలోకి తీసుకుంటుంది. నేను నా చోట్లోనే ఉన్నాను. ఎడమ సగం నాదే. నొప్పి లేదు.

మొదటిసారి మోగినప్పుడు నేను నిటారుగానే ఉన్నాను. ఎక్కడో ఏదో ఊళ్ళో ఎవరో అతన్ని విప్పి, కట్టుకుని, మళ్ళీ మడత పెడుతున్నారు. జుయ్‌మంటే నిటారు కావాలి కాబట్టి ఇంకొంచెం నిటారవుతాను. మళ్ళీ మోగుతుంది. మళ్ళీ అవుతాను. నూకరత్నం తల నా మోకాళ్ళ ఎత్తులోకి వెళ్ళిపోతుంది. కింద ఆమె విసిరిన నాడె నా వైపు వస్తోంది. పట్టుకోవాలంటే వంగాలి. మోగుతుంది. నా తల దూలాన్ని దాటి, పెంకుల్ని పక్కకి జరిపి, ఎండలోకి వస్తుంది.

బయట గాలి ఉప్పగా ఉంది. మా వీధి పొడుగునా ప్రతి ఇంటి పెంకుల మధ్యా ఒక్కో తల ఉంది. అందరూ నాకు తెలిసినవాళ్ళే, అందరూ ఎడమవైపు కూర్చునేవాళ్ళే. మెడలెత్తి సముద్రం కేసి చూస్తున్నారు. వాళ్ళ వీపుల మీద తుమ్మెదలు మోగుతున్నాయి. ఇళ్ళల్లో నాడెలు ఎడమ గోడలకి తగిలి ఒకటొకటిగా పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరూ వంగి కిందికి చూడటం లేదు.