గరుకు పిడి

అనంతగిరి ఘాట్ రోడ్డు పక్కన రిసార్టు కట్టినా, కాఫీ తోట కొన్నా జనం మాత్రం జగన్నాథరావును ‘కోళ్ల జగ్గారావు’ అనే అంటున్నారు. శృంగవరపుకోటలో బ్రాయిలర్ కోళ్లు అమ్మి పైకొచ్చిన మనిషి. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ పేరు చెవిన పడితే చాలు, ఆయనకు ఒంటి మీద ఈకలు మొలిచినట్టుండేది. చచ్చేలోగా ఈ కొండల్లో ఎవరైనా ఒక్కసారి తనను దొర అనాలి. అదొక్కటే కోరిక.

దొరంటే తుపాకీ ఉండాలి కదా! నానా తంటాలు పడి లైసెన్సు తెచ్చుకుని పిస్తోలు కొన్నాడు. దానితో వచ్చిన ప్లాస్టిక్ పిడి మాత్రం నచ్చలేదు. విశాఖపట్నంలో తుపాకులు బాగుచేసే షాపువాడు కొత్త పిడికి నమూనా చెక్కలు పంపాడు. ఒకటి నున్నగా ఉంది, ఒకటి ఉప్పుకాగితంలా గరగరలాడుతోంది, ఇంకోదాని మీద పాము పొలుసులు, మరోదాని మీద లోతుగా చెక్కిన గళ్లు.

పెళ్లిచూపుల్లో పిల్లనైనా అంత పరీక్షగా చూసి ఉండడు. పొద్దున్నే మంచులో నిలబడి చెయ్యి తడుపుకుని పట్టుకునేవాడు. నూనె రాసుకుని పట్టుకునేవాడు. భోజనం దగ్గర కూడా ఎడంచేతిలో ఏదో ఒక చెక్క ఉండాల్సిందే. అసలు పిస్తోలేమో బీరువాలో హాయిగా నిద్రపోతోంది. ఇంతవరకూ ఒక్కసారి పేలిన పాపాన పోలేదు.

“నున్నదే ఏయించు,” అంది భార్య రాజులమ్మ. “నువ్వెలాగూ కాల్సేది నేదు. గుడ్డెట్టి తుడుసుకోడానికైనా సులువు.”

“నీకేటి తెలుసు? శత్రువు ఎదురైతే సెయ్యి సెమట పడతాది. పట్టు జారకూడదు.”

“నీకు శత్రువులెవులు? తూకం కాడ తగువాడినోలా?”

జగన్నాథరావుకు రోషం పొడుచుకొచ్చింది. అన్నిటికంటే లోతైన గళ్ల పిడే వేయించాడు.

చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. ఆ పండక్కి ఊరి మగాళ్లంతా ఆయుధాలు పట్టుకుని వేటకు పోవాలి. తోట పక్క ఊరి పెద్ద గాసి మర్యాదకు పిలిస్తే జగన్నాథరావు ఎగిరి గంతేశాడు. గుండ్లు బీరువాలోనే ఉంచి, కొత్త పిడి నలుగురికీ కనిపించేలా పిస్తోలు నడుముకు తగిలించుకుని వెళ్లాడు. తీరా చూస్తే అక్కడ ప్రతి మగాడి భుజాన విల్లు, చంకలో కోడి.

“ఇదేటి గాసీ?”

“అడివిలో వేట ఇప్పుడు నేరం గదా బాబూ. అందుకే సంతలో కోడిని కొని పట్టుకెల్తన్నాం. ఉత్తి సేతుల్తో తిరిగొత్తే ఆడోలు పేడనీలు కొడతారు. ఇదిగో, నీకూ ఒకటి తెచ్చాను.”

జగన్నాథరావు కోడిని చూశాడు. కోడి కూడా పాత పరిచయం ఉన్నట్టు ఆయన్ని చూసింది. ఇంతమంది ముందు దీన్ని చంకనెత్తుకుంటే ఇక ఏడు జన్మలకూ కోళ్ల జగ్గారావే!

“నాకొద్దు. నాకు పిస్తోలుంది.”

“పిస్తోలు కూరొండుకుంటారేటి బాబూ?” అన్నాడు గాసి. జగన్నాథరావు విననట్టు ముందుకు నడిచాడు.

కొండెక్కి దిగి, డప్పులతో ఊళ్లోకి వచ్చేసరికి ఆడవాళ్లు బిందెలతో దారికి అడ్డంగా నిలబడి ఉన్నారు. మగాళ్లు ఒక్కొక్కరే కోడిని ఎత్తి చూపించి దాటిపోయారు. జగన్నాథరావు వంతు వచ్చింది.

“ఏటి తెచ్చావు బాబూ?” అంది గాసి భార్య దేముడమ్మ.

ఆయనకేం తోచలేదు. పిస్తోలు తీసి, పిడి ఆమె వైపు తిప్పి, గళ్లు చూపించాడు.

“అది తీసుకెల్లింది. తెచ్చిందేటి?”

బిందె ఆయన నెత్తి మీద ఖాళీ అయింది, దాని వెనకే ఇంకో నాలుగు. ఊరంతా పగలబడి నవ్వింది. నిజం చెప్పొద్దూ, పట్టు మాత్రం జారలేదు.

ఇంటికొచ్చాక రాజులమ్మ చీపురుపుల్ల తీసుకుని పిడి ముందేసుకు కూర్చుంది. ప్రతి గడిలోనూ పేడే. గుచ్చి గుచ్చి తీస్తూనే, నున్నటి నమూనా చెక్కను ఆయన ముందుకు తోసింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

మర్నాడు పొద్దున్నే రిసార్టు గేటు ముందునుంచి ఆడవాళ్లు సంతకు పోతున్నారు. “పేడ దొర లేచాడేటే?” అందొకామె. “దొరకింకా కంపు వొదిలుండదు,” అంది దేముడమ్మ.

దొర! ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట. జగన్నాథరావుకు ఏడుపొక్కటే తక్కువ. లుంగీ ఎగ్గట్టుకుని గేటు దాకా పరిగెత్తాడు.

“ఏటా పిలుపు? నా పేరు తెల్దేటి మీకు? కోళ్ల జగ్గారావు!” అని కొండలు దద్దరిల్లేలా అరిచాడు.