ఫ్లాట్ 704లో ఆంక్షలు

"ఖాళీగానే ఉంటావుగా, ఆ దేశాల పట్టిక కాస్త చేసిపెట్టు" అన్నాడు పార్థసారథి, భార్య తరుగుతున్న బెండకాయల పళ్లేన్ని పక్కకి జరిపి ఆ చోట లాప్‌టాప్ పెడుతూ.

కిరణ్మయి జిగురు వేళ్లు చెంగుకి తుడుచుకుంది. నల్లగండ్లలోని వాళ్ల అపార్ట్‌మెంట్ల సంఘానికి అతను కార్యదర్శి. ఆదివారం సాయంత్రం క్లబ్‌హౌస్‌లో అతని ప్రసంగం. కోవిడ్‌ని ఏ దేశం ఎలా కట్టడి చేసింది, మళ్లీ అలాంటిది వస్తే మనం ఏం చెయ్యాలి, అదీ విషయం. అతను మాట్లాడతాడు. మాట్లాడాల్సింది ఈమె వెతికి, రాసి, పట్టికలో పెట్టాలి. ఆఫీసులోనూ అంతే. కింది వాళ్లు చేసినదాన్ని వేదిక మీదే మొదటిసారి చూసి, తనదే అన్నంత ధీమాగా పైకి చదువుతాడు. ఇంతవరకు ఎక్కడా తడబడలేదు.

పెళ్లి శుభలేఖలో కిరణ్మయి పేరు పక్కన ఎం.ఏ. అని అచ్చు వేయించారు. రాజనీతిశాస్త్రం. ఆ తర్వాత ఇరవై రెండేళ్లలో ఆ రెండక్షరాలతో ఎవరికీ పనిపడలేదు, ఇలా ఎవరికైనా ప్రసంగం రాసిపెట్టాల్సి వస్తే తప్ప. అయినా కూర్చుంది. కూర్చుంటే సరిగ్గా చెయ్యకుండా ఉండలేని మనిషి. స్వీడన్ చిన్నపిల్లల బడులు మూయలేదు. న్యూజిలాండ్ సరిహద్దులు మూసేసింది. రెండు రోజుల్లో వరసలన్నీ నిండాయి. అప్పుడు ఎవరూ అడగని గడి ఒకటి తనే చేర్చింది: అంత్యక్రియలకు వెళ్లనిచ్చారా?

ఇటలీ మొదట్లో అంత్యక్రియలే నిషేధించింది. న్యూజిలాండ్ కూడా కట్టుదిట్టమైన వారాల్లో ఒప్పుకోలేదు. బ్రిటన్‌లో దగ్గర బంధువులకి అనుమతి. ఇండియా గడిలో ఏం రాయాలో తనకి బాగా తెలుసనుకుంది. 'లేదు' అని కొట్టి, అలవాటు కొద్దీ ఉత్తర్వు తీసి చూసుకుంది. ఇరవై మంది దాకా వెళ్లవచ్చునని ఉంది.

ఇరవై మంది. కూతురు ఆ ఇరవైలో ఒకతె కాదా?

2020 మే తొమ్మిది తెల్లవారుజామున తాడేపల్లిగూడెంలో అమ్మ పోయింది. పార్థసారథి అరగంట ఫోన్ పట్టుకుని బాల్కనీలో తిరిగి వచ్చి, "పాసులివ్వడం లేదట కిరణ్, అన్ని విధాలా ట్రై చేశాను" అన్నాడు. ఆమె నమ్మింది. తమ్ముడు వీడియో కాల్ చేస్తే ఫోన్‌ని వంటింట్లో నీళ్ల ఫిల్టర్‌కి ఆనించుకుని చూసింది. చితి అంటుకుంటుండగా ఇవతల హాల్లోంచి "రెండో అట్టు కాస్త ఎర్రగా కాల్చవే" అని అత్తగారు బాలాత్రిపురసుందరి గొంతు వినిపించింది. కాల్చింది. పెళ్లయిన కూతురికి మూడు రోజులు మైల. ఆ మూడు రోజులూ దేవుడి గది గుమ్మం తొక్కొద్దన్న అత్తగారే, వంటకి మాత్రం ఆపద్ధర్మం అని మినహాయింపు ఇచ్చింది. పనిమనిషిని గేటు దగ్గరే ఆపేస్తున్న రోజులవి. నలుగురికి మూడు పూటలా వంట, అంట్లు, మధ్యలో మీటింగుల్లోకి కాఫీలు. దేవుళ్లకి అంటిన మైల వాళ్ల కంచాలకి అంటలేదు.

"ఏందమ్మా గట్ల కూసున్నరు?" అంది ఇల్లు తుడుస్తున్న కనకమ్మ.

"ఏం లేదు కనకమ్మా. అప్పుడు లాక్‌డౌన్‌లో మా అమ్మ పోతే పాస్ దొరకలేదు. అది గుర్తొచ్చింది."

కనకమ్మ తడిగుడ్డ బకెట్లో వేసి చూసింది. "దొరకకపోవుడేందమ్మా? మా అత్త సచ్చిపోతే పోలీసోళ్లకు జెప్పుకున్నం, కాగితం ఇచ్చిర్రు. నేనూ మా ఇంటాయనా బండి మీద నారాయణపేట దాంక పోయినం. సదువు రానోళ్లం, మాకిచ్చిర్రు. అసలు సారు అడిగిండంటరా?"

సారు అడిగాడా?

సంఘం కాగితాలన్నీ ఆ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. పోలీసు పాసు కోసం దరఖాస్తు పెట్టుకునే వాళ్లకి కార్యదర్శి సిఫారసు ఉత్తరం రాసివ్వాలని ఆ రోజుల్లో ఈ కాలనీ పెట్టుకున్న నియమం. పదకొండు ఉత్తరాలున్నాయి. పదకొండింటి మీదా పార్థసారథి సంతకం. పక్కన ఒక జాబితా: అడిగినవారు, పాసు వచ్చినవారు, రానివారు. రానివారి గడి ఖాళీగా ఉంది. మే తొమ్మిదో తారీఖు ఉత్తరం మూడో అంతస్తు రాకేశ్‌ది. శ్రీకాకుళంలో వాళ్ల పెదనాన్న పోయాడు. 'కడసారి చూపు ఎవరికైనా కనీస హక్కు. దయచేసి మానవతా దృష్టితో పరిశీలించగలరు.' ఎంత చక్కగా రాశాడు! ఎవరి చేతా రాయించుకోకుండా, తనే.

తమ ఫ్లాట్ 704 అడిగినవారిలో లేదు. ఎక్కడా లేదు.

ఆ సాయంత్రం కాఫీ ఇస్తూ అడిగింది. "అమ్మ పోయినప్పుడు పాసుకి అప్లై చేశారా?"

"ఇప్పుడదెందుకు?"

"చేశారా, లేదా?"

అతను కప్పులోకి చూశాడు. "చేస్తే వచ్చేసేది. వస్తే నువ్వాగేదానివా? వెళ్తే అక్కడ పద్నాలుగు రోజులు క్వారంటైన్, వచ్చాక ఇక్కడ పద్నాలుగు. మా అమ్మకి షుగరు, పిల్లకి ఆన్‌లైన్ క్లాసులు, నా ప్రాజెక్టు పీకల మీదుంది. ప్రాక్టికల్‌గా ఆలోచించు. పోయినావిడ ఎలాగూ పోయింది కదా."

"వాడు చేసిందాంట్లో తప్పేముందే?" అంది అత్తగారు సోఫాలోంచి. "ఇంటి మంచికే కదా. అయిదేళ్ల నాటి సంగతి తవ్వుకుంటూ కూర్చుంటే ఎలా? అన్నట్టు బుధవారం మీ అమ్మ ఆబ్దికం అంటూ మళ్లీ బయల్దేరేవు. నా కంటి డాక్టరు కూడా బుధవారమే."

గడిచిన నాలుగు ఆబ్దికాలకూ ఇలాగే ఏదో ఒక బుధవారం అడ్డొచ్చింది. కిరణ్మయి కప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది. కడగలేదు. సింకులో వదిలేసి, లాప్‌టాప్ ముందు కూర్చుని పట్టికకి చివర ఒక వరస చేర్చింది.

ఆదివారం క్లబ్‌హౌస్ నిండింది. మాట్లాడే వాళ్ల భార్యలు వెనక బల్ల దగ్గర సమోసాలు సర్దడం ఆనవాయితీ. కిరణ్మయి ముందు వరసలో కూర్చుంది. కాళ్ల దగ్గర బ్యాగు. అత్తగారు వెనక బల్ల వైపు కళ్లతో సైగ చేసింది. ఆమె తల తిప్పలేదు.

పార్థసారథి హాయిగా చదువుకుంటూ పోతున్నాడు. స్వీడన్ దగ్గర ఒక జోకు వేశాడు, నవ్వారు. ఇటలీ దగ్గర గొంతు బరువు చేసుకున్నాడు. ఇండియాలో ఇరవై మంది అన్నప్పుడు, "మన దేశం మానవత్వం మరిచిపోలేదండీ" అని తన మాట కలిపాడు. రాకేశ్ చప్పట్లు కొట్టాడు.

"ఇక చివరిది" అంటూ మీట నొక్కాడు. "ఫ్లాట్ 704, నల్లగండ్ల. కూతురికి తల్లి అంత్యక్రియలకు అనుమతి: లేదు. దరఖాస్తు:"

గొంతు ఆగింది. తెర మీద అక్షరాలు ఆగలేదు. హాల్లో ఒక్కొక్కరే చదువుకుంటున్నారు. వెనక సమోసాల బల్ల దగ్గర ఎవరిదో గరిటె కిందపడింది.

"కిరణ్..." అన్నాడు మైకులోనే.

"చదవండి" అంది ఆమె కూర్చున్న చోటి నుంచే. "ఎప్పుడూ మీరే చదువుతారుగా."

ఆమె లేచి బ్యాగు భుజానికి తగిలించుకుంది. లింగంపల్లిలో తాడేపల్లిగూడెం బండికి ఇంకా గంటన్నర టైముంది. తను రాసిన వరసని మొదటిసారి తన గొంతుతో చదివింది.

"దరఖాస్తు: పెట్టలేదు. కారణం: ఇంట్లో వంట. ఆంక్షలు విధించినది: మిగతా పదకొండు ఉత్తరాలూ రాసిన కార్యదర్శి గారు. ఎత్తివేసినది: నేను. తేదీ: ఈ రోజు."