భూషయ్యకు పట్టిన నిద్ర

హేమంతము తరలిపోయినను చలి తరలిపోక తెల్లవాఱుజామున కురిసిన మంచు ప్రొద్దెక్కువఱకు మిరపచేల యెఱ్ఱని పండ్లకు ముత్యపుసరులై వ్రేలాడుచుండగా, కళ్ళములయందు ఆరబోసిన కాయల ఘాటు గాలితో గలసి బాటసారులను తుమ్ములతో నెదుర్కొనుచుండగా, కృష్ణాతీరమందలి యొక పల్లెలో నూతికడ నొక వార్త పుట్టెను. పొరుగింటి చుక్కమ్మ తన తోడికోడలితో ననెననియు, ఆ తోడికోడలు చంకనున్న బిందె దించకయే యందఱికిని వినిపించెననియు జనులు చెప్పుకొనిన యా వార్త యిది: భూషయ్య రాత్రులందు నిద్రపోవుచున్నాడట!

మనుజుడు నిద్రించుట యొక వార్తయా యని చదువరులకు దోపవచ్చును. భూషయ్య నెఱుగనివారి కట్లే తోచును. పండిన పొలమును గట్టి గోడల యిల్లును పాడిపశువులును గల యా గృహస్థుడు ఎలుక కదలిన దొంగయనియు కుక్క మొఱిగిన దాయాదియనియు కుక్క మొఱుగకున్న దానికెవ్వరో మందుపెట్టిరనియు దలంచి నులకమంచముపై దిగ్గున లేచి కూర్చుండి భార్యయగు మాణిక్యమ్మను దట్టిలేపి వీధితలుపు గడియ చూచి రమ్మనుచు, ఆమె చూచివచ్చి మేనువాల్చునంతలో దొడ్డితలుపు మాట యడుగుచు, ఇట్లు రేయెల్ల వేగించి కోడికూయువేళకు సొమ్మసిల్లి బారెడు ప్రొద్దెక్కినదాక లేవకుండువాడు. కన్నులక్రింద మసిపూసినట్లు నలుపెక్కినను తన జాగరమువలననే యిల్లు నిలిచియున్నదని యాతని విశ్వాసము.

మాణిక్యమ్మ యొకనాడు వైద్యుడగు వీరభద్రాచార్యుల కడకేగి మగని యవస్థ విన్నవించి, ఆయన చెప్పిన చొప్పున ప్రతిదినము సందెవేళ గసగసాలు మెత్తగా నూఱి గేదెపాలలో గాచి యించుక జాజికాయ యరగదీసి కలిపి మగని చేతికిచ్చుచు అరికాళ్ళకు నువ్వులనూనె మర్దించుచు వచ్చెను. పాలలోని మర్మము చెప్పినచో గ్లాసు ముట్టడని యెఱిగినది గావున చెప్పలేదు. కొలది దినములలోనే భూషయ్య కూల్చిన మ్రానువలె నిద్రింపసాగెను. మొగము తేటపడెను.

అంతట నొకనాటి యపరాహ్ణమున చుక్కమ్మ పిట్టగోడపై మోచేతు లానించి యాతనిని బలుకరించెను.

“ఏందన్నా, ఈ మధ్య గుర్రుపెట్టి నిద్దరపోతన్నావంటగా? మా గొడ్లు బెదురుతన్నయ్యి. వదినె పాలలో ఏదో నూరి పోస్తందంట, ఆచారిగారింటికి కూడా పోయొచ్చిందంట. మొగుణ్ణి అంత గట్టిగా నిద్దరపుచ్చాల్సిన పనేమొచ్చిందో! నాకెందుకులే.”

నాకెందుకులే యను నా కడమాట భూషయ్య చెవి జొచ్చి యెద కెక్కెను. పూర్వము లోకమెల్ల దొంగలతో నిండియుండెను. ఇప్పుడా సంశయమంతయు లోకమును విడిచి యొక్క యాడుదానిపై వచ్చి వ్రాలెను. ఆమె నవ్విన నెందుకు నవ్వెననియు, ఊరకున్న నేమి దాచుచున్నదనియు, కూరలో నుప్పు తగ్గిన మనసెక్కడ నున్నదనియు దలపోయుచు పాలు మానివేయ నెంచెను గాని, మానినచో నామె కనిపెట్టునని తనకు తానే చెప్పుకొనెను. నిజమునకు, వచ్చిన నిద్రను విడుచుటకు మనసొప్పలేదు. కావున పొయ్యిలోని మెత్తని బూడిద చేటతో దెచ్చి సందెచీకటిలో గడపకు లోపల పలుచగా జల్లి, పాలు త్రాగి పండుకొనెను. ఉదయమున జూడగా నందు స్త్రీపాదముల గుర్తులు! వెడలినవి కొన్ని, మరల వచ్చినవి కొన్ని.

ఆ పూటయే పెదతండ్రి రామకోటయ్య యరుగుమీద పెద్దలు గూడిరి. అడుగుల గుట్టు తేలనిచో భార్యను పుట్టినింటికి బంపి మరల గడప త్రొక్కనీయనని భూషయ్య శపథము పట్టెను. ఆ మాట విని మాణిక్యమ్మ స్తంభమును గట్టిగా బట్టుకొని నిలిచెను. పాలలో నేమి కలిసినదో చెప్పుటకు బిలువబడిన యాచార్యులు మున్ముందుగా నోరు విప్పెను.

“విషమేం కాదయ్యా భూషయ్యా, రోజూ కూరలో వేసే గసగసాలే. నేనే చెప్పాను.”

“మందు సంగతి సరే. అడుగుల సంగతేంది పెదనాన్నా? తెల్లారేసరికి బూడిద నిండా ఆడమనిషి అడుగులు. పోయినయ్యి, వచ్చినయ్యి. నా కళ్ళతో చూశా.”

రామకోటయ్య కోడలివైపు దిరిగెను. “ఏమ్మా, చీకటితో యాడికి పోయొచ్చావు?”

“వాకిట్లోకి మావయ్యా, కల్లాపి చల్లటానికి. పేడనీళ్ళు వాటంతటయ్యే వచ్చి పడతయ్యా? ఈయన లేచేసరికి ముగ్గు కూడా ఆరిపోతది.”

అరుగెల్ల ఘొల్లున నవ్వెను. పెండ్లినాటినుండి తన వాకిలి ప్రతిదినము తడిసి ముగ్గు దాల్చి కనబడుచున్నను అది యే వేళ నెవరు చేయు పనియో యెన్నడును విచారింపని భూషయ్య మొగము జేవురించెను. అయినను నాటుకొనిన సంశయము నవ్వునకు వెఱచి తొలగునది కాదు. ఒక మూల నోడినచో మఱియొక మూల వెదకుకొనును. అతడు పైపంచె దులుపుకొని లేచి నలుగురును వినునట్లు గర్జించెను.

“కల్లాపి తెల్లారుజామున కదా? పొద్దుగూకంగానే నన్ను పడేసి, అప్పటిదాకా రాత్రంతా ఏం చేస్తన్నావు? పెద్దల ముందర చెప్పు.”

నవ్వు లణగెను. పెద్దలు చెవులు రిక్కించిరి. మాణిక్యమ్మ స్తంభమును విడిచి ముందునకు వచ్చి, పెద్దలవైపు గాక మగనివైపే తిరిగి, కంఠ మించుకయు దగ్గింపక పలికెను.

“నేనూ నిద్దరపోతన్నా.”