ఉప్పు లేని టీ

అంజురత్ నోటికి భయపడనివాళ్ళు తాజిక్ కొండల్లోని గార్మెన్ ఊళ్ళో లేరు. ఆమె కొడుకు దావ్లత్ అయితే, పెళ్ళిచూపుల ఇంటి వాకిట్లో కారు ఆపి మరీ బతిమాలాడు.

"అమ్మా, చేసుకుంటే మావ్లుదానే చేసుకుంటా. లోపల మాత్రం నోరు విప్పకు, నీకు పుణ్యముంటుంది."

ఎవరి పెళ్ళిలోనో ఒక్కసారి చూశాడంతే, పిల్ల మీద మనసు పడ్డాడు. అంజురత్ దిగులు వేరే. హిసార్ మైదానంలో పుట్టిన పిల్ల, ఇంటిల్లిపాదిదీ తాజిక్ మాటేనట. కోడలికి తమ కొండ భాష యగ్నోబీ రాకపోతే రేపు మనవలకూ రాదు. సొంత మనవణ్ణి పరాయి భాషలో ముద్దు చేయాలా? తమ లోయ దిగినప్పటి నుంచి దారంతా ఇదే గొణుగుతూ వచ్చింది.

దావ్లత్ కారు దగ్గరే ఉండిపోయాడు. లోపల పిల్ల తల్లి ఎదురొచ్చి అంజురత్‌నూ, తోడొచ్చిన ఆడపడుచు జులైఖోనూ కూర్చోబెట్టింది. నాన్‌లు, ద్రాక్షపళ్ళు, పలావు పరిచారు. మావ్లుదా వచ్చి టీ పోసింది. మూల దిండుకానుకుని పిల్ల నానమ్మ బీబీసోరో తస్బీ జపమాల తిప్పుకుంటోంది.

యగ్నోబీవాళ్ళకు ఒక పాడలవాటుంది. పరాయివాళ్ళ ముందు రహస్యాలు గుసగుసగా చెప్పుకోరు, సొంత భాషలో గట్టిగా, నవ్వు మొహంతో చెప్పేసుకుంటారు. గాడిదను కొనేటప్పుడైనా అంతే, కోడల్ని తెచ్చుకునేటప్పుడైనా అంతే.

అంజురత్ కూడా తియ్యగా నవ్వుతూ ఆడపడుచు వైపు తిరిగింది. "జులైఖో, ఈ టీ చూశావా? మన ఇళ్ళలోలా ఉప్పు లేదు, వెన్న లేదు. గిన్నెలు కడిగిన నీళ్ళు నయం."

జులైఖో మర్యాదగా తలూపింది. "పలావులో మాంసం ఉందన్నారు వదినా. ఇందాకట్నుంచీ వెతుకుతున్నా."

"పిల్ల చక్కగానే ఉంది గానీ, ఆ చేతులు ఎప్పుడైనా పొదుగు పట్టాయంటావా?"

వాళ్ళు మాట్లాడేకొద్దీ ముసలమ్మ దగ్గరకు జరిగింది. ఎండు ఆప్రికాట్ల పళ్ళెం వాళ్ళ ముందుకు తోసింది. "మనం తెగ నచ్చేసినట్టున్నాం," అంది జులైఖో.

ముసలమ్మ మనవరాలి చెవిలో ఏదో ఊదింది. మావ్లుదా లోపలికెళ్ళి కొత్త గిన్నెల్లో టీ తెచ్చింది. అంజురత్ ఒక గుక్క తాగింది. పాలు పోసిన టీ, పైన వెన్న తేలుతోంది. ఉప్పు సరిగ్గా సరిపోయింది.

అంటే ముసలమ్మకు ప్రతి మాటా అర్థమైంది. కొడుకు పెళ్ళి చేజేతులా చెడగొట్టాననుకుంటూ ఆమె గిన్నె కింద పెట్టేసింది. "అవ్వా," అంటూ ముసలమ్మ వైపు తిరిగింది.

"ఆపేశావేం? పలావు సంగతి ఇంకా తేలలేదుగా," అంది బీబీసోరో, అచ్చమైన యగ్నోబీలో. లోయలో పై ఊళ్ళవాళ్ళు 'స' అనే చోట 'త' అనే కింది ఊళ్ళ యాస.

"మీది కింద ఉన్న బిదెవ్ ఊరా?" అంది అంజురత్.

"బిదెవే. ఆనాటి సోవియట్ సర్కారు లోయ ఖాళీ చేయించి, హెలికాప్టర్లలో మమ్మల్ని బలవంతాన తెచ్చి పత్తి చేలల్లో దింపేనాటికి నేను కొత్త పెళ్ళికూతుర్ని. మా ఆయన పోయాక ఈ భాషలో నన్ను తిట్టేవాళ్ళే కరువయ్యారు. ఎంత కమ్మగా తిట్టావే తల్లీ. ఎక్కడ ఆపేస్తావోనని నోరు కుట్టేసుకుని కూర్చున్నా."

అంజురత్‌కు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "తప్పయింది, క్షమించవ్వా."

"క్షమిస్తే మళ్ళీ వస్తావా? ఏటేటా వచ్చి నా టీకి వంక పెడతానంటేనే పిల్లనిస్తా."

తలుపు దగ్గరనుంచి మావ్లుదా కల్పించుకుంది. ఆమెది కూడా నానమ్మ యాసే. "అత్తయ్యా, మేక పాలు పితకడం నానమ్మ నేర్పింది. ఆవు సంగతి మీరు చూసుకోండి."

అంజురత్ లేచి వెళ్ళి, తాను వంక పెట్టిన ఆ చేతులు రెండూ పట్టుకుంది. "ఇంకోసారి మాట్లాడవే," అంది. ఏం మాట్లాడమనో ఆమెకే తెలియదు.

పొద్దువాలాక బయటికొస్తే, దావ్లత్ కారు దగ్గర గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

"నోరు విప్పలేదు కదమ్మా?"

"విప్పబట్టే నీకు పెళ్ళవుతోంది. బండి తియ్," అంది అంజురత్.