కిటికీలో గోడ

పొద్దున వంటగదిలోకి వెలుగొచ్చిన కిటికీ, తాపీమేస్త్రి భార్య కూలిపని నుంచి వచ్చేసరికి గోడైపోయింది. గది నిండా పచ్చి సిమెంటు వాసన. ఆమె గడపలోనే నిలబడిపోయింది.

వాళ్ళుండే భవనం ఒకప్పుడు నూలుమిల్లు. మూతపడ్డాక పనివాళ్ళే అడ్డగోడలు లేపి ఇళ్ళు చేసుకున్నారు. ఆ గోడలు చాలావరకు ఆమె మొగుడు కట్టినవే. ఎవరికైనా గది పెంచాల్సివస్తే, పాత గోడను తొలిచి కొత్త ఇటుకల కొసలు అందులో దిగేసేవాడు. "కొత్తదాని చెయ్యి పాతది పట్టుకోవాలి" అనేవాడు. మొన్న వానల్లో పరంజా మీంచి పడి చనిపోయాడు. ఇప్పుడు మిల్లు కొన్న కాంట్రాక్టరు, వీళ్ళను వెళ్ళగొట్టి దుకాణాలు పెట్టాలని కిటికీలు మూయిస్తున్నాడు.

సాయంత్రం అందరూ వరండాలో చేరారు.

"రేపు మెట్లు కూడా మూస్తాడట," అన్నాడు డ్రైవరు.

"మూయనీ. గబ్బిలాల్లా వేలాడదాం," అంది కుట్టుమిషను అత్త. నవ్వు మొదలై మధ్యలోనే ఆగిపోయింది.

"పిల్లలున్నవాళ్ళం. పోదాం," అన్నాడు డ్రైవరు.

"ఎక్కడికిరా? ఇల్లు నెత్తిన పెట్టుకుని పోతావా?"

"ముందు, కడుతున్నదెవరో చెప్పండి," అంది మేస్త్రి భార్య.

మూలనున్న మరిది తలెత్తలేదు. తాపీ అతని చేతిలోనే ఉంది.

"నేనే వదినా. పొయ్యి వెలగాలిగా. నేను కాకపోతే ఇంకొకడు కడతాడు."

"ఆ ఇంకొకడూ ఇదే మాటంటాడు. మీ అన్న నేర్పిన చెయ్యేగా అది?"

మరిది తాపీ అంచును బొటనవేలితో తుడిచాడు. "అన్న గోడను తొలవలేకపోయాను వదినా. కిటికీలన్నీ ఊరికే ఆనించి మూశాను. గట్టిగా తోస్తే పడతాయి."

ఆమె చెయ్యి చాపింది. తాపీ ఆ చేతిలో పెట్టాడు.

తెల్లారి కాంట్రాక్టరు పోలీసులతో వచ్చాడు. కింది మెట్టు నుంచి పై అంతస్తు దాకా జనం కూర్చుని ఉన్నారు.

"ఏరా, తాపీ ఏది?" అన్నాడు కాంట్రాక్టరు, మరిదిని చూసి.

"మా వదిన దగ్గరుంది. అడుక్కోండి."

కాంట్రాక్టరు వెంట తెచ్చిన మేస్త్రీలు మెట్ల వైపు చూశారు. తర్వాత వాళ్ళూ వెళ్ళి మెట్ల మీదే కూర్చున్నారు.

పోలీసులు వదినను, మరిదిని వ్యానులోకి నెట్టి గడియ వేశారు. లోపల కిటికీ లేదు. వంటగదిలో ఉన్న చీకటే.

మిల్లు వెనక ధబ్బుమని ఇటుకలు రాలాయి. కాసేపటికి మళ్ళీ.

"మన కిటికీయేనా?" అంది ఆమె.

మరిది వ్యాను రేకుకు చెవి ఆనించాడు. "కాదు వదినా, అత్తవాళ్ళది."

ఇంకోసారి ధబ్బుమంది.

"ఇది మనది."