రుబీడియం లవణం

మా ప్రయోగశాలలో చదువుకున్నవాళ్ల మూఢనమ్మకం ఒకటుంది. స్ఫటికం తయారైతే, ఎక్స్‌రే యంత్రం ఎక్కేదాకా దాని మాటెత్తకూడదు. బీకరు మీద చీటీ కూడా అంటించకూడదు. నాకు ఒళ్లు మండేది. అయినా నలుగురితో పాటు నేనూ నోరు మూసుకునేదాన్ని.

నా పక్క బల్ల దగ్గర పనిచేసే సీనియర్‌ని అక్కా అని పిలుస్తాను. ఒక సేంద్రియ ఆమ్లంతో క్షార లోహాల లవణాలు తయారుచేసి, స్ఫటికంలో ఆ లోహం చుట్టూ నీటి అణువులు ఎలా సర్దుకుని కూర్చుంటాయో చూడటం ఆమె పని. సోడియం, పొటాషియం బుద్ధిగా మాట విన్నాయి. రుబీడియం మాత్రం ఎప్పుడూ ఎక్స్‌రేకి పనికిరాని పొడిగానే రాలి ఏడిపించింది. అది లేనిదే పరిశోధన గ్రంథం మీద సంతకం పెట్టనని ప్రొఫెసర్ గారు తెగేసి చెప్పారు. గడువు ఈ సాయంత్రంతో సరి.

నిన్న బీకరు అడుగున ఒకే ఒక్క స్ఫటికం కనిపించింది. పంచదార పలుకంత. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుందే తప్ప పెదవి విప్పలేదు. యంత్రం ఖాళీ అయ్యేది ఈరోజే.

పొద్దున వచ్చి చూస్తే బీకరు నిండుగా ఉంది. అడుగున ఏమీ లేదు.

"అమ్మాయ్, నీ బీకరు ఎండిపోతోంది, చూసుకోవద్దూ?" గుమ్మంలోంచి అక్కను చూసి ప్రొఫెసర్ గారు నవ్వారు. "నేనే కాసిని నీళ్లు పోశాను."

ఏనాడూ మా బల్లల వైపు తొంగిచూడని మనిషికి, కొంప ముంచడానికి ఇవాళే దయ పుట్టుకొచ్చింది. లోపల నీళ్లు లేకపోతే ఆ స్ఫటికం పొడైపోతుంది. పైన నీళ్లు పోస్తే కరిగిపోతుంది. మళ్లీ రావాలంటే ఎన్ని నెలలో ఎవరికి తెలుసు?

ఆయన వెళ్లాక అన్నాను. "చెప్పెయ్యక్కా. తప్పు ఆయనదే కాబట్టి సంతకం పెట్టేస్తారు."

"దేన్ని చూసి పెడతారే? నీళ్లనా?" అంది. "పాపం, మంచికే పోశారు. తెలిస్తే ఆయన తట్టుకోలేరు."

నాకు ఏడుపొచ్చింది. ఆమె మీద కోపం కూడా వచ్చింది. అక్క యంత్రం దగ్గరికి వెళ్లి తన వంతు ఇంకొకరికి ఇచ్చేసి వచ్చింది.

సాయంత్రం ఆయన వచ్చారు. "ఏమైనా వచ్చిందా అమ్మా?"

"లేదు సార్."

ఆయన నిజంగానే బాధపడ్డారు.

"రాకపోతే నేను మాత్రం ఏం చెయ్యను, చెప్పు?"

"మీరేం చేస్తారు లెండి సార్" అంటూ అక్క బీకరు కడగడం మొదలుపెట్టింది.