పండుగకు నాలుగు రోజుల ముందు

సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు కందకం తవ్వే జేసీబీ కుంజ జంపక్క చేనిలోకి దిగింది. మొదటి దెబ్బకు గట్టు తెగింది. రెండో దెబ్బకు, ఆమె భర్త బతికున్న రోజుల్లో భుజాన మోసుకొచ్చి పేర్చిన రాళ్ళు కందకంలోకి దొర్లాయి. పాతిక మంది ఆడవాళ్ళూ మగవాళ్ళూ యంత్రానికి అడ్డంగా నిలబడ్డారు. డ్రైవరు ఇంజను ఆపలేదు. వాళ్ళ వైపు చూడనూ లేదు.

భద్రాచలం అడవి అంచున ఉన్న రేలగుంపులో నలభై రెండు కోయ కుటుంబాలున్నాయి. ఆ నలభై రెండు కుటుంబాలకూ కలిపి నూట పద్దెనిమిది ఎకరాల పోడు. తాతల నాటి నుంచి దున్నుకుంటున్నదే. పట్టా కోసం మూడేళ్ళలో మూడుసార్లు దరఖాస్తు పెట్టారు. మూడుసార్లూ సర్వే జరిగింది. మూడుసార్లూ తిరస్కారమే జవాబు.

ప్రాజెక్టు ఆఫీసరు గొడుగు కింద నిలబడి కాగితం చదివాడు. "సాగు ఆనవాళ్ళు లేవు. కాబట్టి ఈ భూమిని హరిత ప్రగతి పథకం కింద జామాయిల్ తోటకు కేటాయించడమైనది."

"సాగు లేకుంటె మేం తినే జొన్నలు యాడికెల్లి వస్తున్నయ్ సార్?" అని అడిగింది జంపక్క. "మబ్బులకెల్లి రాలుతున్నయా?"

"ఫొటోలున్నాయమ్మా. పక్క తండా వాళ్ళను చూసి నేర్చుకోండి. వేసవిలోనే దుక్కులు దున్నుకున్నారు, పట్టాలు తెచ్చుకున్నారు. మీరు ఇప్పసారా తాగి పడుకుంటే ప్రభుత్వం ఏం చేస్తుంది?"

"నువ్వు పోసినవా సారా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. నవ్వులు లేచాయి. అవి సంతోషంతో నవ్విన నవ్వులు కావు.

"అభ్యంతరముంటే చూసుకోండి, శుక్రవారం వాగు పొడవునా ఊళ్ళన్నిటి మీదా డ్రోన్ వస్తుంది. అదే ఆఖరి పరిశీలన. అప్పుడు దుక్కి కనిపిస్తే ఆలోచిస్తాం" అని ఆఫీసరు గొడుగు ముడిచి, జేసీబీని ఆపమని సైగ చేశాడు.

అతని వెనక ట్యాబ్ పట్టుకుని ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. అతను జంపక్క తమ్ముడి కొడుకు, చిరంజీవి. చిన్నతనంలో తల్లి పోతే జంపక్కే పెంచింది. ఆశ్రమ పాఠశాలలో చేర్చడానికి చెయ్యి పట్టుకుని పద్దెనిమిది కిలోమీటర్లు నడిపించింది. కొత్తగూడెంలో డిగ్రీ చదివే రోజుల్లో విద్యార్థి సంఘం జెండా పట్టి, గూడెం పోడు దరఖాస్తులను మొదట రాసింది అతనే. చదువు కాగానే పథకంలో చేరి, మూడేళ్ళుగా అతను ఫీల్డ్ కోఆర్డినేటర్. పొద్దటి నుంచి అతని కళ్ళు ట్యాబ్ మీద నుంచి లేవలేదు. పట్నంలో ఉద్యోగం, ఆఫీసరు ముందు నోరెత్తలేడు పాపం అనుకుంది జంపక్క. ఆ సాయంత్రం వరకూ అలాగే అనుకుంది.

గూడెం వాళ్ళు కబురంపితే సాయంత్రం కొత్తగూడెం నుంచి ఆంథోని వచ్చాడు. బొగ్గు గనుల్లో ముప్పై ఏళ్ళు సర్వే పని చేసి రిటైరైన మనిషి. కొలవనిదే ఏ మాటా నమ్మడు. సర్వే కాగితాలను అంగన్‌వాడీ అరుగు మీద పరిచి, కళ్ళజోడు పైకి తోసి, చాలాసేపు చూశాడు.

"ఫొటోలు సరిగనే ఉన్నయ్" అన్నాడు. "దుక్కి లేదన్నది గూడ నిజమే."

"గదేంది సారూ, నువ్వు గూడ గట్లనే అంటవ్?"

"ఆగు జంపక్కా. ఫొటో నిజమే. తేదీ చూడు. మొదటి ఏడు మే పద్నాలుగు. రెండో ఏడు జూన్ రెండు. నిరుడు మే ఇరవై మూడు. మీ విత్తనాల పండుగ ఏ ఏడు ఎప్పుడయ్యిందో చెప్పున్రి."

గూడెం పెద్ద సోడె ముత్తయ్య వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. మే పద్దెనిమిది. జూన్ ఆరు. మే ఇరవై ఏడు.

మూడేళ్ళూ పండుగకు సరిగ్గా నాలుగు రోజుల ముందే సర్వే.

రేలగుంపులో విత్తనాల పండుగ కాకుండా ఎవరూ నేలకు నాగలి తాకించరు. ఇంటికో గుప్పెడు గింజలు తెచ్చి ఒకే బుట్టలో కలుపుతారు. గూడెం పెద్ద ఆ గింజలను మళ్ళీ ఇంటింటికీ పంచుతాడు. ఆ మర్నాడు అందరూ ఒక్కసారే దుక్కిలోకి దిగుతారు. ఈ ఆచారం వెనక దేవత ఉందని ముత్తయ్య నమ్ముతాడు. దేవత ఉన్నా లేకపోయినా కారణం మాత్రం ఉంది. అప్పటిదాకా ఊరి పశువులన్నీ చేలలో కట్టు లేకుండా మేస్తాయి. ఒకడు తొందరపడి విత్తితే మొలకలన్నీ వాటి పాలవుతాయి, ఊరు కొట్లాటల పాలవుతుంది. గింజలు లేని ఇంటికి ఆ బుట్టే గింజలిస్తుంది. అందుకే ముందు దున్నినవాడికి ఆ ఏడు బుట్టలో వాటా ఉండదు.

ఆంథోని కళ్ళజోడు తీశాడు. "పండుగ తేదీ క్యాలెండర్ల ఉండదు. వానను బట్టి, వెన్నెలను బట్టి ముత్తయ్య పదిరోజుల ముందు చెప్తడు. ఒక్కసారైతే ఏదో గట్ల కలిసిందనుకోవచ్చు. మూడుసార్లు కలవదు. హైదరాబాద్‌ల కూసున్న ఆఫీసరుకు మీ పండుగ తెల్వదు. ఈ ఊరి మనిషే ఎవరో చెప్పిండ్రు."

మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పొరుగువాణ్ణి అనుమానించే ఆ చూపులను జంపక్క భరించలేకపోయింది.

"చెప్పింది నేనే" అంది.

ఏడాదికొకసారి చిరంజీవి ఫోన్ చేసేవాడు. అత్తా బాగున్నవా, మేకలు బాగున్నయా అని అడిగి, చివరికి, పండుగ ఎప్పుడు పెట్టిండ్రు అనేవాడు. వస్తాడేమోనన్న ఆశతో ఆమె చెప్పేది. వాడికిష్టమని ఇప్పపూల లడ్డూలు చేసి పెట్టేది. వాడు రాలేదు. మూడేళ్ళూ రాలేదు. రానివాడికి తేదీ ఎందుకని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

"మొన్న శనివారం గూడ చెప్పిన. వచ్చే వారం మంగళారం పండుగ అని చెప్పిన." వేళ్ళు మడవబోయి ఆగిపోయింది. శుక్రవారం నుంచి మంగళవారానికి ఎన్ని రోజులో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

మర్నాడు, మంగళవారం సాయంత్రం పెద్ద వాన పడింది. ఎర్రమన్ను మెత్తబడి వాసన లేచింది. బుధవారం పొద్దున అంగన్‌వాడీ ముందు గూడెమంతా కూడింది. జంపక్క కబురంపితే చిరంజీవి వచ్చాడు. మోటారు సైకిలు దిగకుండానే మాట్లాడాడు.

"నేను ఒక్క అబద్ధం రాయలే అత్తా. దున్నలే, దున్నలేదనే రాసిన."

"ఎందుకు దున్నలేదో నీకు తెల్వదా?"

"ఫారంల ఎందుకు అనే గడి లేదు."

ముత్తయ్య ముందుకొచ్చాడు. "మా బుట్టల గింజలు తిని పెరిగినవ్ కదరా. ఎంతకమ్మినవ్?"

"అమ్ముడేంది పెద్దయ్యా! తోట వస్తే రోడ్డొస్తది. ఇంటికో కూలి పని. దవాఖానా కట్టిస్తం అంటున్నరు. ఎన్నేండ్లు ఈ జొన్నలు, ఈ జ్వరాలు? మా అమ్మ దవాఖానా లేకనే పోయింది. మీరు మర్చిపోయిండ్రు, నేను మర్వలే."

ఆ మాట నిజమే. ఆంథోని మెల్లగా అడిగాడు. "తమ్మీ, భూమి గుంజుకుంటెనే దవాఖానా కడ్తమని ఏ జీవోల రాసుంది? పక్క తండాకు పట్టాలొచ్చినయ్. దవాఖానా వచ్చిందా?"

"నాతో వాదం వద్దు సార్. శుక్రారం డ్రోన్ వస్తది. ఉన్నది ఉన్నట్టు తీస్తది."

బండి వెళ్ళిపోయింది. అప్పుడు జంపక్క లేచి నిలబడింది.

"ఉన్నది ఉన్నట్టు తీస్తదట. గట్లయితె ఉన్నది మారుద్దాం. రేపే దున్నుదాం."

గూడెం భగ్గుమంది. "పండుగ కాకుండనా!" "అల్లుడు ఊరిని ముంచిండు, అత్త దేవతను ముంచుతదట!" "నువ్వే చెప్పినవ్, ఇప్పుడు నువ్వే దున్నమంటవ్. నీ మాట వినాల్నా?"

"వినకున్రి" అంది జంపక్క. "నేను చేసిన తప్పుకు నన్ను బుట్టల నుంచి తీసెయ్యున్రి. కానీ పెద్దయ్యా, ఒక్కటి చెప్పు. ముందు దున్నినోడికి వాటా లేదంటరు. ముందు అంటే ఎవరికంటె ముందు?"

"అందరికంటె."

"నలభై రెండు నాగండ్లు ఒక్క దెబ్బకు నేలల దిగితే అండ్ల ముందెవరు?"

ముత్తయ్య చేలలో మేస్తున్న మందల వైపు తిరిగాడు. "పశువులు?" అన్నాడు.

"కట్టేస్తం. పండుగ దాకా ఆకు కోసుకొచ్చి మేపుతం. దుక్కి మాత్రం రేపు. విత్తుడు పండుగ అయినంకనే."

"బాగనే ఉంది" అని ఒకతను నవ్వాడు. "నలభై రెండు నాగండ్లకు ఎడ్లేవి? ఊరు మొత్తం జల్లెడ పడితే పదమూడు జతలు. మిగిలిన కాడ్లకు ఆఫీసరును కడదామా?"

అందరి కళ్ళూ వాగు అవతల తండా వైపు తిరిగాయి. పట్టాల పేరుతో రెండు ఊళ్ళ మధ్య మాటలు తెగి రెండేళ్ళయింది. తండా వాళ్ళు మన అడవి తింటున్నారని గూడెంలో అనుకున్నారు. గూడెం వాళ్ళు సోమరులని తండాలో అనుకున్నారు. అలా అనుకోవడం ఎవరికి లాభమో ఎవరూ ఆలోచించలేదు. ఆ మధ్యాహ్నమే జంపక్క వాగు దాటింది.

తండాలో నలుగురూ మాట వినే రూప్లి ఇంటి ముందు చేటలో మిర్చి ఏరుతోంది. విషయమంతా విని చేట పక్కన పెట్టింది.

"మీరు తాగి పంటరని మాకు చెప్పిండ్రక్కా. మేం నమ్మినం."

"మీరు లంచాలు పెట్టి పట్టాలు తెచ్చుకున్నరని మాకు చెప్పిండ్రు. మేం గూడ నమ్మినం."

రూప్లి నవ్వింది, తర్వాత నవ్వు ఆపుకుంది. "మా పొలం పక్క గూడ మొన్న జెండాలు పాతి పోయిండ్రు. కందకం మీ కాడ ఆగదంట. ఇరవై జతలున్నయ్ మాకాడ. పొద్దుగాల్నే తోలుకొస్తం. ఒకటే షరతు. మీవోళ్ళు మా ఎడ్లను కొట్టొద్దు, పేరు పెట్టి పిలిస్తేనే నడుస్తయ్."

గురువారం తెల్లవారింది. ముప్పై మూడు చేలలో ఎడ్లు కట్టారు. ఎడ్లు దొరకని తొమ్మిది చేలలో మనుషులు పారలు పట్టుకుని వరుసగా నిలబడ్డారు. ముత్తయ్య డోలు మెడకు తగిలించుకున్నాడు. జంపక్క నాగలి మేడి పట్టుకుంది. నలభై ఏళ్ళలో పండుగకు ముందు ఆ చేయి మేడిని తాకలేదు. అది తాకేలా చేసినవాడు తను పెంచినవాడే. ఆ బాధ ఏ దేవత ఆగ్రహం కన్నా బరువుగా ఉంది.

డోలు ఒక్క దెబ్బ పలికింది. నలభై రెండు చేలలో నేల ఒక్కసారే తెగింది.

తొమ్మిదింటికి రెండు జీపులు వచ్చాయి. ఎస్సై దిగాడు. ఆఫీసరు దిగాడు. వాళ్ళ వెనక చిరంజీవి.

"ప్రాజెక్టు భూమిలోకి అక్రమ ప్రవేశం!" అన్నాడు ఎస్సై. "మొదట నాగలి పెట్టిందెవరు? నాకు ఏ-వన్ కావాలి."

"మా కాడ వన్ లేదు సార్" అన్నాడు ఒకతను. "అందరం టూలమే."

చేలన్నీ నవ్వాయి. ఎస్సై లాఠీ ఊపాడు. ఎవరూ పేరు చెప్పలేదు. తండా వాళ్ళను అడిగాడు. రూప్లి కళ్ళు పెద్దవి చేసి, "మేం ఎడ్ల కాడ ఉన్నం సార్, ఎడ్లనడుగున్రి" అంది.

ఎస్సై చిరంజీవి వైపు తిరిగాడు. "నీది ఈ ఊరే కదా?"

చిరంజీవి చెయ్యి లేపాడు. వేలు జంపక్క మీద ఆగింది.

"మీటింగ్ పెట్టింది ఈమె."

అత్త అనలేదు. ఈమె అన్నాడు. దారిన పోయే మనిషిని చూపించినట్టు చూపించాడు. జంపక్క మేడి వదిలి నిటారుగా నిలబడింది. అప్పటిదాకా ఆమె లోపల ఎక్కడో, వాడు ఈ పని తెలియక చేశాడని చెప్పే ఒక చిన్న గొంతు ఉండేది. అది అక్కడితో ఆగిపోయింది. కన్నీళ్ళు వస్తాయనుకుంది. రాలేదు.

ఆమెను జీపు ఎక్కించారు. "పని ఆపండి!" అని అరిచాడు ఎస్సై. ఎవరూ ఆపలేదు. రూప్లి వచ్చి జంపక్క వదిలిన మేడి అందుకుంది. ఎడ్లను పేరు పెట్టి పిలిచింది. సాలు ఆగిన చోట నుంచే సాగింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు ఒక నాగలిని పట్టుకుంటే పక్క చేలో మరొకటి కదిలింది. అటు పరుగెత్తితే ఇక్కడ కదిలింది. ఆఫీసరు ఫోనులో ఎవరికో వివరిస్తూ, దున్నిన మట్టిలో బూటు దిగబడి, ఒంటికాలి మీద నిలబడ్డాడు.

సాయంత్రం నాలుగింటికి స్టేషను ముందు రెండు వందల మంది కూర్చున్నారు. సగం మంది గూడెం, సగం మంది తండా. పద్దెనిమిది కిలోమీటర్లు నడిచి వచ్చారు. మా పేర్లు గూడ రాసుకోండి అని పట్టుబట్టారు. రైటరు కలం పట్టుకుని, రాయాలో వద్దో తెలియక ఎస్సై ముఖం చూశాడు.

లోపల బల్ల మీద కూర్చున్న జంపక్కకు బయటి గొంతులు ఒక్కొక్కటీ తెలుస్తున్నాయి. ముత్తయ్య దగ్గు. రూప్లి తిట్టు. ఆంథోని ఎవరికో ఏదో సెక్షను చదివి వినిపించడం. ఒక గొంతు మాత్రం లేదు. దాని కోసం వెతకడం మానుకోమని చెవులకు చెప్పుకుంది.

ఎస్సై ఫోను మోగింది. విన్నాడు. "ఏ ఊరు?" అన్నాడు. పెట్టేశాడు. వెంటనే మళ్ళీ మోగింది. "అక్కడ కూడానా? ఎన్ని నాగళ్ళు?" ఈసారి కుర్చీలోంచి లేచాడు. మూడోసారి మోగినప్పుడు ఫోను ఎత్తకుండా జంపక్క వైపు తిరిగాడు.

"పండుగ కాకుండా మీవాళ్ళు నాగలి ముట్టరట కదా. వాగు పొడవునా ఊళ్ళన్నీ దున్నుతున్నాయి. నిజం చెప్పు. ఆ ఊళ్ళకు కబురు పెట్టిందెవరు?"

జంపక్క కొంగుతో చేతులకంటిన మట్టి తుడుచుకుంది.

"కబురెందుకు సార్" అంది. "మంగళారం వాన మా ఒక్క ఊరి మీదనే పడలే."